వేడి చూసే గుటక

కోచ్ పోయిన ఏడాదికి ఆయన భార్య మళ్లీ బరువులెత్తే పోటీకి దిగింది. దిగనంటే దిగనని భీష్మించుకు కూర్చున్న మనిషే. కానీ ఎప్పుడూ ఎత్తలేకపోయిన ఆ నూట ఇరవై కిలోలు మిగిలిపోయాయి కదా! పెళ్లయిన దగ్గర్నుంచి మొగుడూ పెళ్లాం వాటి వెంటే పడ్డారు. వయసు మీద పడుతోంది, ఈసారి కాకపోతే ఇక లేదు. ఆయనతో మొదలుపెట్టిన పని ఒక్కటైనా పూర్తిచేయాలని ఆమె ప్రాణం కొట్టుకుపోయింది.

పోటీకి వారం ముందు ఆయన ఆమె చేత కాఫీ మాన్పించేవాడు, పోటీ రోజున అది బాగా పనిచేయాలని. పాపం, తలనొప్పితో ఆమె ఇల్లంతా కసురుకుంటూ తిరిగేది. సరిగ్గా గంట ముందు ఆయన ఫ్లాస్కు తీసి పెద్ద స్టీలు గ్లాసు నిండా చిక్కటి నల్లకాఫీ పోసేవాడు. ఇది కండలు పెంచదు, బరువు కాస్త తేలిగ్గా అనిపించేలా చేస్తుంది, ఆ కాస్తే మనకు కావాలి అనేవాడు. అని, వేడి చూస్తానంటూ గుటక వేసేవాడు. గుటకా అది! గ్లాసు ఆమె చేతికొచ్చేసరికి సగమయ్యేది. ఇంట్లో కాఫీ చుక్క కూడా ముట్టని మనిషికి ఆవేళ మాత్రం ఎక్కడలేని ఆశ పుట్టుకొస్తుందని ఆమె నలుగురి ముందే కడిగేసేది. ఆయన మూతి తుడుచుకుని నవ్వేవాడు.

ఆయన పోయాక ఆమె కాఫీ ముట్టలేదు. రోజూ పొద్దున్నే కలిపి ఇచ్చే మనిషి లేకపోతే, తనకోసం తాను పెట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

పోటీ రోజు మరిది పక్కన నిలబడ్డాడు. అదే ఫ్లాస్కు తీసి, అదే గ్లాసు నిండా కాఫీ పోసిచ్చాడు. ఆయన్ని తలుచుకుంటూ ఆమె చివరి చుక్కదాకా తాగింది. వేదిక మీదికి పిలిచేసరికి గుండె దడదడలాడింది, వేళ్లు వణికాయి. మొదటిసారి నూట ఇరవై కిలోల బార్ మోకాళ్లదాకా వచ్చి జారిపోయింది. రెండోసారి నేలనే వదల్లేదు. మిగిలింది ఒక్క అవకాశం.

ఆమె బెంచీ మీద కూలబడింది. తన బలమంతా ఆయనతోనే పోయిందని కళ్లనీళ్లు పెట్టుకుంది.

మరిది ఖాళీ గ్లాసు చూసి నాలుక కరుచుకున్నాడు.

"తప్పు నాదే వదినా. అసలే ఏడాదిగా ముట్టలేదు, నిండు గ్లాసు ఇచ్చేశాను. అన్నయ్య నీకెప్పుడూ సగమే ఇచ్చేవాడు."

"ఇచ్చేవాడా? తాగేసేవాడు."

"సగం దాటితే నీకు చేతులు వణుకుతాయి. తక్కువ పోస్తే నువ్వు ఊరుకోవు. అందుకని తనే తాగేవాడు. అన్నయ్యకి కాఫీ పడదు వదినా. ఆ రాత్రంతా కడుపుమంటతో దొర్లేవాడు. నీకు చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు."

ఆమె ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"ఆ ముక్క నాకు చెప్పి ఏడవచ్చుగా," అంది.

పిలుపు వచ్చింది. చేతులింకా వణుకుతూనే ఉన్నాయి. అయితే అది కాఫీ వణుకేనని, బలం ఎక్కడికీ పోలేదని ఇప్పుడు తెలుసు. సుద్దపొడి రుద్దుకుని, పళ్లు బిగించి లేపింది. బార్ మోకాళ్లు దాటింది. ఆమె నిటారుగా నిలబడింది. చప్పట్లు మోగుతుంటే అలవాటుగా పక్కకి చూసింది. మరిది ఏడుస్తున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి, ఏడాది తర్వాత మొదటిసారి కాఫీ కాచింది. అదే గ్లాసు నిండా పోసి, సగం తాగి ఆగింది.

"ఇదిగో, వేడి చూడు," అంటూ గ్లాసున్న చెయ్యి పక్కకి చాచింది.

కాఫీ చల్లారేదాకా ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.