లోపలి మూల

పదో పలకను మార్లీజ్ కిటికీ వైపు తిప్పింది. స్విట్జర్లాండ్‌లోని జూరా కొండల మీద మంచు ఉన్నన్నాళ్లూ ఈ గదికి పగలు దీపం అక్కర్లేదు; బయటి తెలుపే పలక అంచు గీతను పట్టిస్తుంది. కుడికంట్లో భూతద్దం, వేళ్లకు పల్చని రబ్బరు తొడుగులు. మెడ ఒకవైపుకు వాలి ఎప్పుడో అలాగే స్థిరపడిపోయింది. ఖరీదైన చేతి గడియారాల లోపల అమరే గోరంత ఉక్కు పలకలను, వాటి అంచుల మెరుపును ఆమె ఇరవై తొమ్మిదేళ్లుగా తనిఖీ చేస్తోంది.

దీనిలోనూ అదే లోపం. అంచంతా అద్దంలా ఉంది కాని, రెండు అంచులు లోపలికి కలిసే చోట మూల గుండ్రంగా అయిపోయింది. మెరుగు పెట్టే కొత్త యంత్రం అక్కడికి చొరలేదు. ఆ మూలను చెయ్యి ఒక్కటే తీర్చగలదు. గడియారంతో వెళ్లే పత్రంలో మాత్రం ‘చేతితో తీర్చినది’ అని ఉంటుంది. దాని కింద తనిఖీ చేసినవారి సంతకం.

మిగతా రెంటిలోనూ అంతే; తిరస్కరించినట్టు పన్నెండింటికీ ఎర్ర చీటీలు పెట్టింది.

పనిపెద్ద సాండొ వచ్చి, సరుకు సోమవారం వెళ్లాలన్నాడు. ఈ రోజుతో ఆమె ఉద్యోగం ముగుస్తుందని, నాలుగింటికి వీడ్కోలు ఉందని గుర్తుచేశాడు.

“చివరి రోజు గొడవెందుకు మేడమ్? సంతకం పెట్టేయండి. డయల్ కింద దేవుడు తప్ప ఎవరు చూస్తారు?”

“దేవుడి సంగతి నాకు తెలీదు సాండొ. నేను చూశాను కదా.”

ఆదివారం చర్చి తప్పని మనిషి ఆమె. దాగిన చోట్లు చూడడంలో ఆయన వంతెంతో, తన వంతెంతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

చేత్తో అయితే ఒక్కోదానికి పూట పడుతుందని, అయినా ఇప్పుడు అది చేతనైనవాళ్లు ఎవరున్నారని సాండొ నవ్వి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచారు. మార్లీజ్ లేవలేదు. తనిఖీకి రాకముందు పన్నెండేళ్లు మెరుగు బల్ల దగ్గర పనిచేసింది. పన్నెండింటిలో ఒక పలక తీసుకుని, సన్నని ఆకురాయితో మూలను పదునుగా కోసింది. పచ్చిక కొండల మీద ఏరి ఎండబెట్టిన జెన్షియన్ మొక్క కాడను కత్తితో మొనదేల్చి, మెరుగు పిండిలో అద్ది, ఒకే వైపుకు నెట్టసాగింది. ఒక్కసారి జారితే పలక పాడైపోతుంది. నెట్టిన ప్రతిసారీ ఆగి భూతద్దంలో చూసుకుంది.

పక్క బల్ల నాదెజ్ తిరిగొచ్చి చూసింది. “ఏమే, ఇంటికెళ్లే రోజు కూడా గానుగెద్దు చాకిరీయేనా?”

“ముందు వెలుగుకి అడ్డం తప్పుకో.”

నాలుగింటికి పక్క గదిలో తెల్ల వైన్ తెరిచారు. ఆమె వెళ్లలేదు. గ్లాసులు పట్టుకుని వాళ్లే ఒక్కొక్కరుగా వచ్చి వెనక నిలబడ్డారు. ఐదు కావస్తుండగా పలకను స్పిరిట్‌లో కడిగి, సాండొ ముందు పెట్టి, భూతద్దం చేతికిచ్చింది. అతను చాలాసేపు తల ఎత్తలేదు.

మిగతా పదకొండు ఏమవుతాయని నాదెజ్ అడిగింది.

“ఎర్ర చీటీలతోనే ఉంటాయి. చేతులున్నవాళ్లు చేస్తారు,” అంది మార్లీజ్.

తెల్లకోటు విప్పి, నిలబడే అరగ్లాసు తాగి, అందరికీ చెయ్యి కలిపి మెట్లు దిగిపోయింది.

మిగతావాటికి తానే సంతకం పెట్టేద్దామని తీసిన కలాన్ని సాండొ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆ పదకొండింటిని దీని పక్కన పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. బల్ల మీద పరిచిన ఆకుపచ్చ గుడ్డపై ఆ పలక ఒక్కటే ఉంది. కిటికీలో మిగిలిన కాస్త వెలుగు దాని లోపలి మూలలో వెంట్రుకంత గీతై నిలిచింది.