బాయిలర్ గది

భోపాల్‌పట్నంలో మా పాత రైసుమిల్లుని ఇళ్లుగా మారుస్తారని తెలిసినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడ్డ పిచ్చిదాన్ని నేనే. ముప్పై ఏళ్లు ఆ మిల్లు కళ్లంలో ఉప్పుడు వడ్లు ఆరబెట్టాను. మా ఆయన పోయాక బాయిలర్ గదిలోనే కాపురం. మిల్లు మూతపడ్డా కదల్లేదు, పోవడానికి నాకు ఇంకో చోటు లేదు. మిల్లు యజమాని సేఠ్ మనవడు వికాస్ వచ్చి, లోపల కాపురమున్న వాళ్లకి తలా ఒక ఇల్లు ఇచ్చాకే మిగతావి అమ్ముతానని అందరి ముందూ అన్నాడు. ఎవరుంటున్నారో పట్వారీ వచ్చి రాసుకుంటాడట.

ఈ కబురంతా నాకు విడమరిచి చెప్పింది కాశయ్య. మిల్లు ఇంజన్ నడిపిన డ్రైవర్. హిందీ కాగితం నాకు చదవడం రాదు, అతనికి వచ్చు. మా ఆయన పాడె మోసిన మనిషి. అతను ఒక మాట చెబితే ఇంకొకర్ని అడిగే అలవాటు నాకు లేదు.

"పట్వారీ వచ్చేనాటికి సామాను తీసి సున్నం కొట్టు బుల్లమ్మా. మసి గోడలు జూస్తే మనుషులుండే గది కాదని రాస్తడు. పొయ్యి గూడ తీసెయ్" అన్నాడు.

మా వైపు పొయ్యి ఉంటేనే ఇల్లు. ఇళ్లు లెక్కపెట్టడానికి వచ్చిన ప్రతివాడూ ముందు అడిగేది ఎన్ని పొయ్యిలనే. అంత తెలిసీ, గునపం తెచ్చి నా పొయ్యిని నేనే తవ్వేశాను. గిన్నెలూ బొంతా కాశయ్య వసారాలో పెట్టి రెండు రోజులు గోడలకు సున్నం కొట్టాను. పట్వారీ తొంగి చూశాడు, రాసుకున్నాడు, పోయాడు. నవ్వుతూ నమస్తే కూడా పెట్టాను.

జాబితా అతికించిన రోజు బడి పంతులమ్మ రీనా చదివి చెప్పింది. నా పేరు లేదు. బాయిలర్ గది ఖాళీగా ఉందట, అందుకు సాక్షి కాశయ్యట. ఒళ్లు మండిపోయింది. తహసీలు ఆఫీసుకు పోతే గుమాస్తా ఓపిగ్గానే విన్నాడు. మిల్లులో నాతో పనిచేసినవాళ్లు ఒక్కరు వచ్చి నేనక్కడ ఉన్నానని చెప్పినా మళ్లీ చూస్తామన్నాడు. నాతో వడ్లు ఆరబెట్టిన మాసా చనిపోయాడు. ఇంకో కూలీ పొజ్జే మిరపకాయల కూలికి ఖమ్మం వైపు పోయి తిరిగి రాలేదు. ఇక మిగిలింది ఒక్కడే.

సిగ్గు చంపుకుని అతని గడపలోకే వెళ్లాను. ఎందుకిలా చేశావని అడిగాను. కాశయ్య తల వంచుకుని, బాయిలర్ గది ఖాళీ చేయిస్తే తనకొక ఇల్లిస్తానని వికాస్ అన్నాడని చెప్పాడు.

"నాతోటి ముందే ఒక మాట అనొద్దా అన్నా?"

"అంటే నువ్వు పొయ్యి తీస్తవా?"

అయినా బతిమాలాను. తహసీలుకు ఒక్కసారి వచ్చి, నేనక్కడ ఉన్నానని ఆ ఒక్క ముక్క చెప్పమన్నాను.

"నువ్వు ఆడనే ఉన్నవని నాకు తెల్వదా బుల్లమ్మా. చెప్తే నా ఇల్లు పోతది."

అలా అని లోపలికి వెళ్లి అన్నానికి కూర్చున్నాడు.