నడిమి బిళ్ల

తోలు మీద ఇత్తడి చక్రం ఆనించి, దాని చుట్టూ కుట్టుపని ఆరె మొనతో గీత గీసి, ఆ గీత వెంబడే ఆండి కత్తి తిప్పుతున్నాడు. కత్తి మధ్యలో ఆగకూడదు. ఆగితే అంచుకు పళ్ళు పడతాయి, పళ్ళుపడినచోటే నీళ్ళు దారి వెతుక్కుంటాయి. బయటి అంచు తెగింది. లోపలి అంచు కూడా తెగి, నడిమి నుంచి గుండ్రటి బిళ్ల ఊడి ఒళ్ళో పడింది. దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఎందుకు వేసుకున్నావంటే చెప్పలేడు. ఏళ్ళనాటి అలవాటు. కూతురు కన్నమ్మాళ్ చిన్నప్పుడు మిల్లు లైను ఇళ్ళ ముందు తొక్కుడుబిళ్ల ఆడేది. అందరూ పెంకుముక్కలతో ఆడితే ఈ పిల్లది మాత్రం తోలుబిళ్ల. పెంకు జారుతుంది, తోలు వేసినచోటే ఉంటుంది. ఆ బలంతోనే లైనులో పిల్లలందరినీ ఓడించి, తన గొప్పే అనుకుని ఇంటికొచ్చేది. ఇప్పుడా పిల్లకు పెళ్ళయింది. ఈ సాయంత్రం, ఈ తోలు బిగించబోయే పడవలోనే అవతలి గట్టుకు కాపురానికి పోతోంది.

పడవ ఆనకట్ట జలాశయం ఒడ్డున దుంగల మీద ఓరగా పడివుంది. మిల్లు సొంతదారు ముదలాళికి అవతలి గట్టున పత్తి చేలున్నాయి. చుట్టూ తిరిగి బండ్లు రావాలంటే పొద్దు పోతుందని, మిల్లులో మూలనపడ్డ ఆయిల్ ఇంజను తెచ్చి ఈ పడవకు బిగిస్తున్నారు. దాన్ని నడపబోయేది అల్లుడు పాండి. బిగించడానికి కోయంబత్తూరు మిల్లు నుంచి వచ్చినవాడు ఫోర్‌మాన్ కల్యాణసుందరం. ఇంజను వేడెక్కకుండా చుట్టూ నీళ్ళు తిరగాలి, ఆ నీళ్ళు జలాశయం నుంచే తీసుకోవాలి. అందుకని పడవ అడుగున బెజ్జం కొట్టారు. బెజ్జానికి బయట జల్లెడలాంటి ఇత్తడి మూతి, లోపల గొట్టం, గొట్టం చివర చెత్తా బురదా ఆపే వడపోత డబ్బా. ఇత్తడికీ చెక్కకీ నడుమ తోలు. ఆ తోలు కోసమే ఆండిని బస్సెక్కించి తెచ్చారు.

బుద్ధున్నవాడెవడైనా పడవ అడుగున కావాలని బెజ్జం కొడతాడా అని ఆండి పొద్దున్నుంచీ గొణుగుతూనే ఉన్నాడు. నీళ్ళు లేకపోతే ఇంజను కాలిపోతుంది ఆండీ అని కల్యాణసుందరం నవ్వాడు. ఆండికి నవ్వు రాలేదు. కాలేది ఇంజను, మునిగేది తన కూతురు.

ఆండి నాయన కారమడై చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ, ఎడ్లతో బావి నీళ్ళు తోడే తోలు మోట బానలు కుట్టినవాడు. బావులకు పంపుసెట్లు వచ్చాయి, బానలు అటకెక్కి ఎండి బెండయ్యాయి. ఆండి మిల్లు దారి పట్టాడు. ఆ రోజుల్లో షెడ్డు పొడవునా ఒకటే ఇనుప దండం తిరిగేది, దాని నుంచి ప్రతి మిషనుకూ ఒక తోలు బెల్టు. ఏది తెగినా బెల్టు ఆండీ అని కేక. పరిగెత్తుకుంటూ పోయి కుట్టేవాడు. అన్నం ముందు నుంచి లేచి పోయిన రోజులెన్నో. ఇప్పుడు ఏ మిషను మోటారు దానికే. బెల్టుల్లేవు. ఆండిని పొమ్మన్నవాడు లేడు, రమ్మన్నవాడూ లేడు. మైనం పట్టిన దారం, ఆరె సంచిలో వేసుకుని ఈ షెడ్డు నుంచి ఆ షెడ్డుకు తిరుగుతాడు. కాసేపు నిలబడితే ఎవరో జరగమంటారు, జరుగుతాడు. తిట్టేవాడు కూడా లేకపోతే మనిషికెంత దిగులో ఆండికి ఈ ఏడాదే తెలిసింది.

కన్నమ్మాళ్ పొద్దున్నే వచ్చేసింది, రెండు బిందెలు, చాప, బుట్టలో ఒక కోడిపెట్టతో. వచ్చినప్పటి నుంచీ ఒకటే మాట, మాతో వచ్చెయ్యమని. మొదటిసారి అడిగితే తోలు కొయ్యాలన్నాడు. బయటికొకటి, లోపలికొకటి కోసిన రెండు తోలు చక్రాలను ఆముదంలో నానేసి చేతులు తుడుచుకుంటుంటే మళ్ళీ వచ్చింది.

"నాయినా, బెల్టులు పాయె. అమ్మా పాయె. ఇంక ఆడ ఎవురుండారని పోతావు?"

"ముందర ఈ పని కానీ అమ్మణీ."

అల్లుడింట్లో మూలన కూర్చుని తినే మనిషిగా తనను తాను ఊహించుకుంటే ఒళ్ళు చచ్చిపోతోంది. పోనీ మిల్లు లైనులో ఆ గదికి తిరిగి వెళ్ళడం ఊహించుకున్నా అంతే. అందుకే పడవ కిందికి దూరాడు.

వెల్లకిలా పడుకుని ఇత్తడి మూతిని తోలుతో సహా బెజ్జానికి అదిమిపట్టాడు. లోపల కల్యాణసుందరం నట్లు బిగించాడు, ఒకటి ఈ పక్కది, తరవాత దాని ఎదుటిది. ఎడమ చెయ్యి భుజం దగ్గర్నుంచి లాగుతుంటే విదిలించుకున్నాడు. అంతసేపు ఎత్తిపట్టుకుంటే లాగదా మరి అనుకున్నాడు. బయటికొచ్చాక కూడా లాగుడు పోలేదు.

మధ్యాహ్నం కన్నమ్మాళ్ సజ్జ సంగటి పెట్టింది. మిల్లులో అయితే ఈపాటికి అన్నాల వేళ కూత, సంగు, ఊదేది. ఇక్కడ సంగు లేదు, నీళ్ళ చప్పుడే. అయినా ఆండి చెవి అటే ఉంది. నాలుగు ముద్దలు నిలబడే తిని, పడవ చుట్టూ ఒకసారి తిరిగి, మళ్ళీ వచ్చి ఇంకో ముద్ద తిన్నాడు. కాసేపు కూర్చుని తినరాదా అని కూతురు విసుక్కుంది. విసుక్కుంటూనే మూడోసారి అడిగింది. పడవ నీళ్ళలో దిగనీ, చూద్దామన్నాడు.

పడవను నీళ్ళలోకి తోశారు. నట్ల చుట్టూ సన్నగా నీటిబొట్లు పుట్టాయి. పాండి బెదిరిపోయాడు, ఏంది మామా ఇది అని. ఆండి అరచెయ్యి కింద పెట్టి చూశాడు.

"తోలు దాహంగా ఉండాది. తాగనీ."

నిజమే, మోట బాన కూడా మొదటిరోజు కారుతుందని కల్యాణసుందరం అన్నాడు. చిన్నప్పుడు వాడిపట్టి అనే ఊరి దగ్గర తానూ మోట తోలినవాడే. అందరూ కూర్చుని కనిపెట్టుకుని ఉన్నారు. కొంతసేపటికి బొట్లు ఆగాయి. పాండి ఇంజను తిప్పాడు. వడపోత డబ్బాలోకి నీళ్ళు ఎగిసి వచ్చాయి, తీగజల్లెడకు నాచు పట్టుకుంది, పాండి డబ్బా విప్పి దులిపి బిగించాడు. పడవ పక్కనున్న గొట్టం నుంచి గోరువెచ్చటి నీళ్ళు ఉమ్మినట్టు బయటపడ్డాయి. అయింది ఆండీ, ఇంక బస్సుకు పోదామని కల్యాణసుందరం చేతులు కడుక్కున్నాడు.

ఆండికి ఇంక సాకు మిగల్లేదు. పనిముట్లు సంచిలో సర్దాడు. మళ్ళీ తీసి ఒక్కొక్కటీ తుడిచి మళ్ళీ సర్దాడు. కన్నమ్మాళ్ నాలుగోసారి అడుగుతుందని చూశాడు. అడగలేదు. కోడిబుట్ట ఒళ్ళో పెట్టుకుని, పడవలో అవతలి గట్టు వైపు తిరిగి కూర్చుంది. అడిగినంతసేపూ విసుగ్గా ఉన్నది, అడగకపోయేసరికి తట్టుకోలేకపోయాడు.

మోకాటిలోతు నీళ్ళలోకి దిగి జేబులోంచి బిళ్ల తీసి ఇచ్చాడు. ఇంకా నేను ఆడుకునే పిల్లనా అంటూ కన్నమ్మాళ్ దాన్ని పక్కన బల్ల మీద పెట్టింది, తల మాత్రం తిప్పలేదు. పాండి తాడు విప్పాడు. ఆండి పడవ అంచు పట్టుకునే ఉన్నాడు.

"అయ్యా," అన్నాడు కల్యాణసుందరంతో, "తోలు ఇంకా సరిగా తాగలా. అవతలి గట్టు దాకా చెయ్యి పెట్టి చూడాల."

నట్ల చుట్టూ బొట్టు ఆగి ఎంతసేపయిందో కల్యాణసుందరానికి తెలుసు. మనిషి వైపు చూశాడు, పడవలో పిల్ల వీపు వైపు చూశాడు.

"ఆమా ఆండీ, నిజమే, చూడాల్సిందే. ఉండి బాగా చూడు. మిల్లులో నేను చెప్పుకుంటాలే." సంచి తానే తీసుకొచ్చి అందించాడు.

కన్నమ్మాళ్ పైట చెంగుతో ముఖం తుడుచుకుని జరిగి చోటిచ్చింది.

పడవ కదిలింది. ఆండి అడుగున చతికిలబడి పక్క చెక్కకు ఆనుకుని, నట్ల కింద అరచెయ్యి పెట్టాడు. కన్నమ్మాళ్‌కు నోరు పెగిలింది. మంచం తలుపు దగ్గరే వేస్తానంది, గాలి వస్తుందట. చేలల్లో ఎడ్లున్నాయట, కాడిపట్టెలు కుట్టేవాడు లేక అల్లాడుతున్నారట, ఊరుకుందామన్నా ఎవరూ ఊరుకోనివ్వరట. ఆండి ఊ అంటున్నాడు. చాన్నాళ్ళకు అతని కాళ్ళూ చేతులూ కదలకుండా ఉన్నాయి. కోడిపెట్టకు ఏం మేత వెయ్యాలో చెబుతున్నప్పుడు ఎక్కడో ఊ ఆగింది. పొద్దున్నుంచీ పడ్డ చాకిరీకి కునుకు పట్టిందనుకుని ఆమె గొంతు తగ్గించింది.

"నాయినా, గట్టొచ్చె. లెయ్."

భుజం తట్టింది. మళ్ళీ తట్టింది. తల ఒక పక్కకు వాలిపోయింది. నట్ల కింది నుంచి అతని చెయ్యి తీసి రెండు చేతుల్లోకి తీసుకుంది. అరచెయ్యి పొడిగా ఉంది.

పాండి వెనక్కి తిరిగి చూశాడు. ఇంజను ఆపాలో, గట్టుకు పట్టించాలో తోచక అలాగే పోనిచ్చాడు. పక్క గొట్టం నుంచి వెచ్చటి నీళ్ళు పడుతూనే ఉన్నాయి. బల్ల మీద తోలుబిళ్ల, ఇంజను అదురుకు వణుకుతూ, పెట్టినచోటే ఉంది.