పన్నెండు ఇళ్ల నెత్తురు

కంకిపాడు శివారులో పురుగుమందుల ఫ్యాక్టరీ ప్రహరీని ఆనుకుని పన్నెండు ఇళ్లుండేవి. అన్నీ కుట్టుపని చేసుకునే ముస్లిం కుటుంబాలవే. జాకెట్లు కుట్టడంలో ఆ వీధిలో బీబీజాన్‌ని మించినవాళ్లు లేరు. అలాంటి మనిషికి రెండువేల సంవత్సరం వానాకాలంలో చేతులు వణకడం మొదలైంది. కళ్లు మసకలు, విడవని తలనొప్పి. వీధి వీధంతా అదే తీరు. బోరు నీళ్లు ఘాటు వాసన కొట్టేవి. పదేళ్ల కూతురు తబస్సుం బడిలో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయాక, బీబీజాన్ పిల్లని వెంటబెట్టుకుని బెజవాడలో డాక్టర్ రాజ్యలక్ష్మి దగ్గరికి వెళ్లింది.

పరీక్ష చేయిస్తే, నరాలు సరిగ్గా పనిచేయడానికి కావలసిన పదార్థమొకటి ఇద్దరి రక్తంలోనూ సగానికి పడిపోయి ఉంది.

"ఇది పురుగుమందు పనేనమ్మా. కానీ ఫ్యాక్టరీవాళ్లు ఒప్పుకోరు. పొలాల్లో మందు కొట్టినప్పుడు అంటుకుందంటారు," అంది డాక్టరు.

బీబీజాన్ కుర్చీ ముందుకు జరుపుకుంది. "మా చెల్లెలు ఆఫ్రీన్ భవానీపురంలో ఉంటదండీ. వాళ్ల వీధిలోనూ అందరిదీ కుట్టుపనే. మాలాగే తింటారు, మాలాగే బతుకుతారు. ఫ్యాక్టరీ ఒక్కటే లేదు. వాళ్ల రక్తం కూడా తీసి చూడండి."

రాజ్యలక్ష్మి కలం కింద పెట్టేసింది. "ఇది నాకు తట్టలేదే!"

భవానీపురంవాళ్లు సులువుగానే ఒప్పుకున్నారు. సొంత వీధిలోనే కష్టమైంది. రక్తం తీస్తే ఉన్న ఓపిక కూడా పోద్దని కొందరు, పెద్దోళ్లతో మనకెందుకని కొందరు తలుపులేసుకున్నారు. మూడు వారాలు ఇంటింటికీ తిరిగి, బతిమాలి, దెబ్బలాడి, చివరికి పన్నెండు ఇళ్లనూ ఒప్పించింది బీబీజాన్.

రిపోర్టులు రాగానే డాక్టరు ఫిర్యాదు పెట్టింది. రెండు నెలల తర్వాత పంచాయతీ ఆఫీసులో కాలుష్య నియంత్రణ అధికారుల విచారణ జరిగింది. డాక్టరు అన్నట్టే ఫ్యాక్టరీ మేనేజరు లేచి, "ఇది పొలాల ఊరండీ. మందు కొట్టేటప్పుడు వీళ్లు జాగ్రత్త పడరు. నింద మా మీద వేస్తే ఎలా?" అన్నాడు.

బీబీజాన్ అంతవరకు ఏ అధికారి ముందూ నోరు విప్పి ఎరగదు. లేచి నిలబడింది.

"అయ్యా, మా పన్నెండు ఇళ్లలో ఎవరికీ సెంటు భూమి లేదు. కూలికి కూడా పొలం పోము. మందు కొట్టే పంపు ఎట్టా పట్టుకోవాలో మాకు తెలీదు. మరి మా నెత్తుట్లోకి మందెట్టా వచ్చిందో ఈయన్ని చెప్పమనండి. ఇదే పని చేసే మా చెల్లెలి వీధిలో ఒక్కరికీ ఎందుకు లేదో అది కూడా చెప్పమనండి."

రాజ్యలక్ష్మి రెండు వీధుల రిపోర్టులూ బల్ల మీద పక్కపక్కన పరిచింది. పన్నెండు ఇళ్లలోనూ ఆ పదార్థం సగానికి పడిపోయి ఉంది, భవానీపురంలో అందరికీ మామూలుగానే ఉంది. పెద్ద అధికారి ఒక్కొక్క కాగితమే చదివి, మేనేజరు వైపు తిరిగాడు. "చెప్పండి." మేనేజరు మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. వెనక బెంచీల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆఫీసంతా మార్మోగిపోయింది.

బోరు నీళ్లలోనూ మందు ఉన్నట్టు పరీక్షలో తేలడంతో నెల తిరక్కుండానే ఫ్యాక్టరీ మూసివేత ఉత్తర్వు వచ్చింది. వీధికి మంచినీటి పైపు వేశారు. తబస్సుం మళ్లీ బడిలో పరుగులు పెట్టింది.

గేటుకు సీలు వేసిన రోజున పన్నెండు ఇళ్లూ పని మానేసి రోడ్డు మీదే ఉన్నాయి. తాళం మీద ఎర్రటి లక్క పోసి అధికారి పక్కకు జరగగానే, బీబీజాన్ ముందుకు వెళ్లి దాన్ని వేలితో తాకింది. ఇంకా వేడిగానే ఉంది. చురుక్కుమన్న వేలు ఊదుకుంటూ, రోడ్డంతా వినబడేలా నవ్వింది.