మెటికలు

ముందు రోజు బ్యాండువాళ్లు వాయించి వెళ్లిన గదిని సన్యాసమ్మ మోకాళ్ల మీద కూర్చుని తుడుస్తోంది. నిలబడి తుడిచే కర్ర ఇచ్చారు గానీ, దానితో తుడిస్తే తుడిచినట్టుండదని ఆమె నమ్మకం. డ్రమ్ముల కింద విరిగిన పుల్లల పేళ్లు, తెగిన గిటారు తీగలు, ఎండిపోయిన టీ మరకలు. తీగలు ఎవరి కాలికైనా గుచ్చుకుంటాయని ఒక్కొక్కటీ ఏరి పక్కన పెడుతోంది. మనిషి బక్కపలచన. ముక్కుకి పుడక తీసేశాక చిల్లు మాత్రం మిగిలింది. ఫినాయిలు నీళ్లకి వేళ్ల కణుపులు ఉబ్బి అల్లం కొమ్ముల్లా తయారయ్యాయి. కలకత్తా ఖిదిర్‌పూర్‌లో నేలమాళిగలో ఉన్న ఆ రికార్డింగ్ స్టూడియోకి వచ్చేపోయేవాళ్లలో సగం మందికి ఆమె పేరు తెలియదు. బెంగాలీలో పిన్ని అన్నట్టు మాసీ అని పిలిచి ఊరుకుంటారు.

ఆ గదిలో వాయించే బృందం పేరు బాన్. హుగ్లీలో పోటు నీరు గోడలా లేచి వచ్చేటప్పుడు ఒడ్డునున్నవాళ్లు ఒకరినొకరు హెచ్చరించుకుంటూ అరిచే మాట అది. వాళ్లు వాయించేది థ్రాష్ మెటల్. గుండె అదిరేలా డ్రమ్ములు, రంపం పెట్టి కోస్తున్నట్టు గిటార్లు, వాటి మీద గొంతు చించుకుని కేకలు. మొదట్లో సన్యాసమ్మకి తలనొప్పి వచ్చేది. పోనుపోను అలవాటైంది. వీళ్లకెవరి మీదో కడుపుమంట ఉంది, పోనీలే, కక్కేస్తున్నారు అనుకునేది. తనకి ఆ భాగ్యం కూడా దక్కలేదు మరి.

ఆమె కడుపుమంట రామనాథం మీద. శ్రీకాకుళం నుంచి వచ్చి ఓడరేవు డాకులో బరువులు ఎత్తే తెలుగువాళ్లకి అతను మేస్త్రీ. సన్యాసమ్మ మొగుడు పైడయ్య అతని కిందే పనిచేసేవాడు. బేళ్లు దించే తాడు నలిగిపోయిందని కూలీలు మొత్తుకున్నా వినకుండా పనిలోకి తోశాడు. తాడు తెగింది, బేలు పైడయ్య మీద పడింది. విచారణకి వచ్చిన ఆఫీసర్ల ముందు రామనాథం నదురూ బెదురూ లేకుండా చెప్పాడు, వాడు తాగి వచ్చాడని. పైడయ్య కల్లు ముంత వాసన కూడా పడని మనిషి.

ఆ శ్రీకాకుళం వాళ్లలో ఆడవాళ్లు శవం మీద పడి ఏడ్చేటప్పుడు ఉన్నదంతా చెప్పుకుంటారు. ఎవడు మోసం చేశాడో, ఎవడి వల్ల ఈ గతి పట్టిందో పేరు పెట్టి, మెటికలు విరిచి శాపనార్థాలు పెడతారు. ఆ ఏడుపుని మధ్యలో ఆపకూడదు, ఎంతటివాడైనా తలొంచుకుని వినాల్సిందే. కానీ ఆ రోజు రామనాథం స్వయంగా వచ్చి శవం తలదగ్గర నిలబడ్డాడు. మీసాలు మొలుస్తున్న ఆమె కొడుక్కి డాకులో పని ఇప్పించాలన్నా, ఇవ్వకుండా తరిమెయ్యాలన్నా అతని చేతిలోనే ఉంది. సన్యాసమ్మ అతని పేరు మింగేసి ఏడ్చింది. ఆ కొడుకు ఇప్పుడు హల్దియాలో పెళ్లాంబిడ్డలతో బాగానే ఉన్నాడు. మింగిన పేరు మాత్రం ఆమెకి ఈనాటికీ అరగలేదు.

నేల తుడుస్తూ ఒకనాడు ఆ ఏడుపునే సన్నగా లాగుతుంటే మౌక్తిక వింది. హైదరాబాదు నుంచి ఉద్యోగానికి న్యూ టౌన్ వచ్చిన పిల్ల, బాన్‌లో గొంతు చించుకునేది ఆమే. కూర్చోబెట్టి సంగతంతా అడిగింది, మా మొదటి ఆల్బంలో మొదటి పాట దీంతోనే మొదలవ్వాలంది. సన్యాసమ్మ మైకు ముందు కూర్చుని, రామనాథం పేరు మూడుసార్లు ఎత్తి, పదివేళ్లూ విరిచి కడుపారా ఏడ్చింది. ఆ ఆల్బం రేపు బయటికొస్తుంది. రామనాథం ఆమె పక్క వీధిలో మంచానపడి ఉన్నాడు. పోయేలోగా అది వాడు వినాలి. ఆమెకింక వేరే కోరిక లేదు.

మధ్యాహ్నం అందరూ వచ్చారు. రికార్డింగ్ చేసే ప్రబీర్‌దా పూర్తయిన పాట పెట్టాడు. ఆమె గొంతు గది నిండా లేచింది. పేరు ఉంది. డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. మౌక్తిక నవ్వుతూ చూసింది. సన్యాసమ్మ నవ్వలేదు.

"నా మెటికలేవీ?" అంది.

మౌక్తిక బెంగాలీలో అడిగింది. ప్రబీర్‌దా గర్వంగానే చెప్పాడు, గొంతు మధ్యలో టిక్కుటిక్కుమని ఏవో దోషాలు పడ్డాయట, ఎంతో ఓపిగ్గా ఒక్కొక్కటీ ఏరేశాడట. అవి ఉన్న పాత రికార్డు ఉంచనూ లేదట.

"అవ్వా, అవి ఉత్త చప్పుళ్లనుకుండు. నీ తిట్టు మొత్తం ఉంది కద," అంది మౌక్తిక.

"మెటికలు ఇరవకుండా తిడితే అది ఒట్టి తిట్టే, అమ్మా. తగల్దు."

సాయంత్రంలోగా పాటలు పంపించెయ్యాలని ప్రబీర్‌దా విసుక్కున్నాడు. సన్యాసమ్మ కదల్లేదు. టీ కాచే గిన్నెలో నీళ్లు వేడిచేయించుకుని, వేళ్లు వాటిలో ముంచి కూర్చుంది. కణుపులు మాట వినలేదు. లాగింది, వంచింది, పళ్లు బిగబట్టింది. చివరికి మైకు ముందు బొటనవేళ్లు రెండూ పెళపెళమన్నాయి. అంతే చాలంది. డ్రమ్ములు వాయించే హరీష్ ఆ చోట తన చప్పుడంతా తీసేయించాడు. అంత హోరూ ఒక్క క్షణం ఆగి, ముసలి వేళ్లు విరిగి, మళ్లీ హోరు మొదలైంది. మౌక్తిక ఆ పాటని ఆమె ఫోన్లోకి ఎక్కించింది.

ఆటో దిగి సన్యాసమ్మ మెటియాబ్రుజ్‌లో తన ఇంటికి పోలేదు, నేరుగా రామనాథం ఇంటికి పోయింది. అతని కోడలు రమాకుమారి స్టూలు వేసి టీ పెట్టడానికి లోపలికెళ్లింది. మంచంలో మనిషి చిక్కి ఎముకల గూడై ఉన్నాడు. ఆమె ఫోను అతని దిండు పక్కన పెట్టి పాట మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, పేరు మోగింది. మెటికలు విరిగాయి. అతను కప్పు వైపే చూస్తున్నాడు. కంటి కొసన నీరు జారింది. సన్యాసమ్మకి ప్రాణం చల్లబడింది. ఆ ఇంట్లో ఏనాడూ మంచినీళ్లు ముట్టనిది, టీ మొత్తం తాగింది.

దీపాలు పెట్టే వేళకి కబురొచ్చింది. రామనాథం పోయాడు. వీధిలో ఆడవాళ్లందరితో పాటు ఆమె కూడా వెళ్లింది. రమాకుమారి ఆమె మెడ పట్టుకుని ఏడ్చింది.

"పాపం, నువ్వు పాటెట్టినావు గానీ మావకి ఏటీ ఇనపడనేదత్తా. రేత్రి నుంచి చెవి మిసను తీసీసినాం. ఒకటే కూతెడతంటే ఆపడం తెలీక గిన్నిలో పడీసినాను."

సన్యాసమ్మ ఒళ్లు మండిపోయింది. చచ్చి కూడా తప్పించుకున్నాడు. ఆ నీరు ఒట్టి ముసలి కంటి నీరన్నమాట. వెనక్కి తిరిగి పోదామనుకుంది. కానీ పెద్దదని ఆడవాళ్లు జరిగి శవం తలదగ్గర చోటిచ్చారు. ఏడుపు ఎత్తుకోవాల్సింది ఆమే. చివరి మాటని చుట్టూ ఉన్నవాళ్లు అందుకోవడం ఆ వీధిలో అలవాటు.

ఆమె కూర్చుంది. కొంగు నడుముకి దోపుకుని గొంతెత్తింది.

"ఓ రామనాథం బాబో... నా పెనిమిటి తాగనేదు బాబో..."

"తాగనేదు బాబో" అన్నారు అతని కోడలూ, కూతుళ్లూ, వీధి ఆడవాళ్లూ.

అన్నాక రమాకుమారి తలెత్తి చూసింది. గుమ్మం బయట మగాళ్ల మాటలు ఆగిపోయాయి. ఎవరూ లోపలికి రాలేదు. శవం మీది ఏడుపుని ఆపడానికి వీల్లేదు.

"తాడు నలిగిందని నీకు తెలుసు బాబో..."

ఈసారి అందుకున్న గొంతులు తగ్గాయి, కానీ అందుకున్నాయి. సన్యాసమ్మ ఇంకా గట్టిగా ఎత్తుకుంది. ఆమె పక్కన గూట్లో, స్టీలు గిన్నెలో, చెవి మిషను సన్నగా కూత పెడుతూనే ఉంది.