ఐదు యూనిట్ల ముద్ద

రాగి సంగటి కెలికేటప్పుడు చెయ్యి ఆగకూడదు. ఆగితే పిండి ఉండలు కడుతుంది. ఆ రోజు నా మొగుడు హర్ష నడవలోంచి మూడుసార్లు పిలిచాడు. నేను కదల్లేదు. నాలుగోసారి వంటింట్లోకే వచ్చి నా కొప్పు పట్టి వెనక్కి గుంజాడు.

"చెవుడా ఏమే? కుళ్లాయప్పన్న వచ్చినాడు. నీళ్లియ్యి."

కట్టె జారి పాదం మీద పడింది. వేడి సంగటి చర్మానికి అంటుకుంది. గీరి పారేసి, నీళ్లిచ్చి వచ్చి, మళ్లీ కట్టె పట్టాను. మా ఇంట్లో దాన్ని దెబ్బ అనరు.

నాకు టైప్ వన్ షుగర్ అని తేలి అప్పటికి పద్నాలుగు నెలలు. ఇరవై తొమ్మిదో ఏట, ముప్పై ఎనిమిది కిలోలకు ఎండిపోయి, అనంతపురంలో ఒక ఆసుపత్రిలో మూడు రోజులు తెలివి లేకుండా పడి ఉన్నాక తేలింది. ఒళ్లు ఇన్సులిన్ తయారు చేయడం మానేసిందట. ఇక బతికినన్నాళ్లూ సూదే. "మా వంశంలో లేని రోగం. పుట్టింటి నుంచి తెచ్చినాది," అంది మా అత్త యశోదమ్మ, డాక్టరు ముందే.

లెక్క నేర్పింది నర్సు రెబెకా. ఆసుపత్రి వాళ్ల కాగితంలో ఇడ్లీ ఉంది, చపాతీ ఉంది, సంగటి లేదు. ఆమె నా చేత ఇంటి నుంచి ముద్ద తెప్పించి తూకం వేసింది. "రెండొందల గ్రాముల ముద్దకు యాభై గ్రాముల పిండిపదార్థం అనుకో. నీకు పది గ్రాములకు ఒక యూనిట్ ఇన్సులిన్. అంటే ఐదు. సూది ఏసుకున్నాక పదైదు నిమిషాల్లో తినాల తల్లీ. ఎవురు పిలిచినా లేయొద్దు. తినకపోతే ఆ మందే నిన్ను సంపుతాది. వణుకు మొదలైతే బెల్లమో చక్కెరో నోట్లో ఏసుకో."

ఆమెకు నేను చెప్పనిది ఒకటుంది. మా ఇంట్లో మగవాళ్లు తిని లేచాకే కోడలు కూర్చోవాలి. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. అన్ని ముద్దలూ ఒకేసారి చేసి, నాది తూకం వేసి నా కంచంలో పక్కన పెడతాను. మగవాళ్లు చివరి ముద్దకు వచ్చారనగా తలుపు చాటుకు పోయి సూది వేసుకుంటాను. వాళ్లు చేతులు కడిగేసరికి నా వంతు వస్తుంది.

ఆ మధ్యాహ్నం హర్ష, మామ బయ్యన్న, సర్పంచి సీటు ఆశతో హర్ష భోజనానికి పిలిచిన మండల పార్టీ పెద్ద కుళ్లాయప్ప నడవలో తింటున్నారు. తలుపు చాటున పొట్టలో ఐదు యూనిట్లు దించుకుని వచ్చాను. నా కంచం ఖాళీగా ఉంది.

"అన్న ఇంగొకటి అడిగినాడు," అంది అత్త. "నువ్వు మళ్లా కెలుక్కో."

"సూది ఏసుకున్నా అత్తా!"

"ఏసుకుంటే ఏమి? షుగరోళ్లు తక్కువ తినాలంట గదా. ఒక పూటకే సావవులే."

ఎసరు పెట్టాను. అది మరిగి, పిండి ఉడికి, ముద్ద అయ్యేసరికి అరగంట పడుతుంది. పదిహేను నిమిషాలకే ఒళ్లు తేలిపోసాగింది. బెల్లం, చక్కెర వంటింటి బీరువాలో ఉన్నాయి. నా జబ్బు బయటపడిన రోజే అత్త బీరువాకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. షుగర్ వచ్చిన మనిషికి తీపి విషమని ఆమె నమ్మకం.

"బీగాలియ్యత్తా. కాళ్లాడట్లేదు."

"దొంగేడుపులు నాకాడ ఏడవద్దు."

వీపంతా చెమట. వేళ్లు నావి కాకుండా పోయాయి. నూరే గుండు తీసుకుని తాళం మీద బాదాను. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు. గొళ్లెం ఊడింది. బెల్లం గడ్డ కొరికానో లేదో హర్ష వచ్చి చెంప పగలగొట్టాడు. బెల్లం, రక్తం కలిసి గోడ మీద పడ్డాయి.

"సచ్చి మా నెత్తికి సుట్టాలనా? రోగమొచ్చినా నాలిక సావలేదే నీకి!"

పొట్టలో తన్నాడు. కింద పడ్డాను. ఇద్దరు హర్షలు కనిపించారు. ఇక్కడే పడి ఉంటే చస్తాను. బెల్లం దొంగతనంగా తిని చచ్చిందని అందరికీ చెబుతారు. ఆ మాట ఊళ్లో నిలబడిపోతుంది కూడా. దవడలో ఇరుక్కున్న చిన్న బెల్లం ముక్కను రక్తంతో సహా మింగాను. మోచేతుల మీద పాకుతూ వంటింటి గడప దాటి నడవలోకి వచ్చాను.

మాటల్లో పడి తినడం ఆపిన కుళ్లాయప్ప కంచంలో నా ముద్ద సగం మిగిలి ఉంది. చెయ్యి పెట్టి తీసుకున్నాను. శనక్కాయల ఊరిబిండి పచ్చడితో సహా నోట్లో కుక్కుకున్నాను.

"ఏయ్! మొగోళ్ల కంచంలో చెయ్యి పెడ్తావా?" మామ అరిచాడు. హర్ష బెల్టు తీశాడు. మొదటి దెబ్బ వీపున, రెండోది మెడ మీద. నేను నమిలాను. దెబ్బ పడినప్పుడు గొంతుకు అడ్డం పడకుండా ఆగి, తర్వాత మింగాను. ముద్ద అయిపోయేదాకా కంచం వదల్లేదు.

కుళ్లాయప్ప లేచి చెయ్యి కడుక్కున్నాడు. "ఏమప్పా హర్షా," అని నవ్వాడు, "పెండ్లానికి కూడు పెట్టలేనోనివి ఊరికేం పెడ్తావప్పా?"

కారు వెళ్లిపోయింది. ఆ నవ్వుకు బదులు నా ఒంటి మీద తీర్చుకున్నాడు హర్ష. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టి, మడక దున్ని వచ్చినవాడిలా ఫ్యాను కింద మంచమెక్కి నిద్రపోయాడు.

వేలు గుచ్చి మిషన్‌లో షుగర్ చూసుకున్నాను. నూట నాలుగు. బతికాను.

స్ట్రిప్పులు, మందుల పెట్టె, రెండు చీరలు సంచిలో పెట్టాను. ఇన్సులిన్ పెన్ను మాత్రం చేతిలోనే ఉంది. మంచం దగ్గరికి వెళ్లాను. చొక్కా పైకి జరిగి, పొట్ట ఎత్తుగా లేస్తూ దిగుతూ ఉంది. పెన్ను చివర తిప్పాను. టిక్కు టిక్కుమంటూ అంకెలు పెరిగి అరవై దగ్గర ఆగాయి. దోమ కుట్టినంత నొప్పి. లేవడు కూడా. జాలి కోసం వెతుక్కున్నాను, దొరకలేదు.

దొరికింది లెక్క. అరవై యూనిట్లంటే నాకు నాలుగు రోజుల మందు, నాలుగు రోజుల బతుకు.

అంకెను సున్నాకు తిప్పి, పెన్నుకు మూత పెట్టి, కళ్యాణదుర్గం బస్సుకు నడిచాను. ఆ మనిషి మీద అప్పటికే ఏడేళ్లు ఖర్చు పెట్టాను. ఇంకో నాలుగు రోజులు ఎందుకివ్వాలి?