సీసాలో చెల్లెలు

చనిపోయిన చెల్లెలు సుగుణ ఇప్పుడు చదునైన ఒక సీసాలో ఉంటోంది. రొమ్ములోంచి తీసిన గడ్డలో చిటికెడు దాచి, పరిశోధనశాలలో పెంచుతున్నారు. అక్క నాంచారమ్మ ప్రతి శుక్రవారం కుంకుమ భరిణె చెంగున కట్టుకుని చూడ్డానికి వస్తుంది. ఈ శుక్రవారం గది కాస్త ఇరుకుగా ఉంది.

సీసాలు ఉంచే పెట్టె ఒంటివేడితో వెచ్చగా ఉంటుంది. తలుపు తీయగానే సుగుణ తలనూనె వాసన.

"ఆలస్యం జేస్తివేందక్కా?" అంటుంది సీసాలోంచి సుగుణ.

"బస్సు దొర్కలేదే. తిన్నవా?"

"ఎర్రనీళ్లు వోస్తున్నరు. ఉప్పు లేదు, కారం లేదు. నీ చేతి కూరే నయమనిపిస్తున్నదంటే సూస్కో!"

నాంచారమ్మ నవ్వుతుంది. నవ్వుతూనే సీసా అడుగు చూస్తుంది. సుగుణ అంచుల దాకా పెరిగింది. ఖాళీ లేదు.

కణాలకు తిండి పెట్టే హిమజ చేతులకు తొడుగులు వేసుకుంటుంది. "ఇయ్యాల విడగొట్టాలె పెద్దమ్మా."

"ఇంకొక్క వారం కలిసుండనియ్యరాదు బిడ్డా?"

"కలిసుంటె చస్తరు. విడదీస్తెనే బతుకుతరు."

 ఇన్నేళ్లూ ఆ మాటను తిరగేసి విన్నది నాంచారమ్మ.

ఒక సీసా రెండవుతుంది. ఒకటి మందు పోసి చూసే గదికి పోవాలి. రెండోది చలిపొగలో గడ్డకట్టి నిద్రపోవాలి.

"పోయొస్త అక్కా," అంటాయి రెండూ.

ఆడబిడ్డను ఉత్త నొసటితో పంపరాదు. ఆమె రెండింటికీ బొట్టు పెడుతుంది.

"ఈ రెండిట్ల నా చెల్లె ఏది?"

"రెండూ."

"మరి నేను దేని వెంట పోవాలె?"

హిమజ ఆమెను పైనుంచి కింది దాకా చూస్తుంది. నాంచారమ్మ భుజాలు రెండు గోడలకూ ఆనుకుని ఉన్నాయి. చీర కుచ్చెళ్లు గది నిండా పరచుకున్నాయి.

"మీరు గూడ నిండిపోయిన్రు పెద్దమ్మా," అని ఆమె పాదాల చుట్టూ గోరువెచ్చని నీళ్లు పోస్తుంది. అరికాళ్లు నేల నుంచి మెల్లగా ఊడివస్తాయి. నొప్పేమీ లేదు.

ఇప్పుడు నాంచారమ్మలు ఇద్దరు. చెరొక సీసా చంకలో పెట్టుకుంటారు. ఒకామె మందు గది గడప మీద, ఇంకొకామె మోకాళ్ల దాకా చలిపొగలో. సుగుణను వదలాల్సిన పని లేదు.

భరిణె మాత్రం ఒక్కటే. వంగి ఒకరి నొసట ఒకరు బొట్టు పెట్టుకుంటారు.

"పోయి రా," అంటుంది ఒకామె.

"పోయి రా," అంటుంది ఇంకొకామె.

పోయొస్త అనేవాళ్లు లేరు. ఇద్దరి మధ్య నేల మీద, మూత తీసిన భరిణెలో, కుంకుమ అంచుల దాకా పెరుగుతోంది.